జేబులు కుట్టేసిన స్వెటర్

మా తోటికోడలు పోయిందని నాకు ఆఫీసులో ఉండగా తెలిసింది. వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "పిన్నీ, మమ్మీ పోయింది. నువ్వు డ్రైవ్ చెయ్యగలవా, లేకపోతే నేను ఎవరినైనా పంపించనా?" అంది. తల్లి పోయిన పిల్ల నా డ్రైవింగ్ గురించి కంగారు పడుతోంది. అచ్చం తల్లి పోలికే. ఆ మాటకే నాకు ఏడుపు ఆగలేదు.

నేను షికాగో శివార్లలో షామ్‌బర్గ్ దాటి హాస్పిటల్ పార్కింగ్‌లో కారు ఆపేసరికే మా తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చేసింది. పంపింది మా సంఘపెద్ద. "మన ప్రియ సహోదరి ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. ప్రార్థనాపరురాలు, సండే స్కూల్ టీచర్, ఇటీవలే అమెరికాలో డిగ్రీ పూర్తి చేసిన విద్యావంతురాలు." దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు.

కారు దిగకుండా ఆ చివరి మాట మళ్ళీ చదివాను. ఆమె డిగ్రీ పూర్తి చెయ్యలేదు. పోయిన మనిషి గురించి ఒక మంచి మాట ఎక్కువ రాస్తే ఏం పోయిందిలే అని మీరు అనవచ్చు. పోయింది. ఆ డిగ్రీ ఆమెకి ఎందుకు అందలేదో ఆ సందేశం పంపిన మనిషికి బాగా తెలుసు. తెలిసీ అలా రాశాడు. అందుకే నేను ఇది రాస్తున్నాను.

తోటికోడళ్ళంటే మన జనానికి పెద్ద వినోదం. ఇద్దరూ నవ్వుతూ మాట్లాడుకుంటుంటే ఎక్కడో ఏదో మండుతోందని అనుకుంటారు. మా పెళ్ళిలో కూడా చుట్టాలు అదే పందెం కాశారు. ఆమె మా ఆయన అన్నగారి భార్య. నేను అక్కా అనేదాన్ని, ఆమె చెల్లీ అనేది. మా మధ్య గొడవలు లేవని అబద్ధం చెప్పను. చారులో నేను వేసే బెల్లం గురించి చివరిదాకా దెబ్బలాడుకున్నాం. "ఇది చారు కాదు చెల్లీ, పానకం" అనేది. కానీ ఈ దేశంలో నాకు జ్వరం వస్తే గంజి కాచి తెచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

కాకినాడలో టీచర్ ట్రైనింగ్ సగంలో ఉండగా ఆమెకి పెళ్ళయింది. బావగారి వీసా మీద డిపెండెంట్‌గా వచ్చి, పని చెయ్యడానికి అనుమతి లేక ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుంది. గ్రీన్ కార్డ్ వచ్చిన వెంటనే చేసిన మొదటి పని దగ్గర్లోని ఎలిమెంటరీ స్కూల్లో అసిస్టెంట్‌గా చేరడం. అంటే పిల్లల్ని బాత్రూమ్‌కి తీసుకెళ్ళడం, బూట్ల లేసులు కట్టడం, టీచర్ పాఠం చెబుతుంటే వెనక నిలబడి అల్లరి చేసేవాళ్ళ పక్కకి వెళ్ళి కూర్చోవడం. పాఠం మాత్రం చెప్పకూడదు. దానికి డిగ్రీ కావాలి, లైసెన్స్ కావాలి.

ఒకసారి ఆ క్లాసు టీచర్ రాలేదు. ఆమె బదులు వచ్చిన అమ్మాయికి ఆ రోజు భిన్నాలు ఎలా చెప్పాలో తెలియలేదు. పిల్లలు గోల. అక్క వెనక నుంచి చూస్తూ నిలబడింది. "మాట నోటిదాకా వచ్చింది చెల్లీ. మింగేశాను. రోజంతా కడుపులో బరువుగా ఉంది, అరగని గారెలాగ" అంది ఆ సాయంత్రం. ఆ తర్వాతి వారమే కాలేజీలో పేరు నమోదు చేసుకుంది.

చేరింది మా ఊళ్ళోని కమ్యూనిటీ కాలేజీలో. ఫీజు తక్కువ, అక్కడ రెండేళ్ళు చదివి మిగతా రెండేళ్ళకి యూనివర్సిటీకి మారవచ్చు. పగలు స్కూలు, సాయంత్రం ఇల్లు, కూతురి చదువు. క్లాసులకి కూర్చునే తీరిక ఎక్కడిది? అయితే ఇక్కడ ఒక సదుపాయం ఉంది. కొన్ని సబ్జెక్టులకి క్లాసుకి వెళ్ళక్కర్లేదు. ఇంట్లో చదువుకుని, టెస్ట్ సెంటర్‌లో ఒక పరీక్ష రాసి పాసైతే ఆ కోర్సు చేసినట్టే కాలేజీ క్రెడిట్ ఇస్తుంది, అంటే డిగ్రీ లెక్కలో జమ వేస్తుంది. అక్కకి ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఫోన్ చేసి, "చెల్లీ, ఇది ఎవరో నాకోసమే పెట్టినట్టున్నారు" అంది.

ఆమె చదివే పద్ధతి చూడాలి మీరు. పుస్తకం స్టవ్ పక్కన నిలబెట్టి, పైకి చదువుతూ వంట చేసేది. అమెరికా అంతర్యుద్ధానికి కారణాలు వంకాయలు కోస్తూ నేర్చుకుంది. తాలింపు పెట్టేటప్పుడు మాత్రం గొంతు పెంచేది, ఆవాల చప్పుడులో వినపడాలి కదా. సైకాలజీ చదివే రోజుల్లో ఇంట్లో అందరికీ ఏదో ఒక జబ్బు అంటగట్టింది. నాకు కోపం ఎందుకు వస్తుందో మూడు సిద్ధాంతాలు చెప్పింది. మూడూ విన్నాక నాకు ఇంకా కోపం వచ్చింది.

మొదటి పరీక్షకి నేనే తీసుకెళ్ళాను. టెస్ట్ సెంటర్‌లో ఏసీ విపరీతం అని ఎవరో చెబితే బూడిదరంగు స్వెటర్ వేసుకుంది. లోపలికి వెళ్ళే ముందు ఒక కుర్రాడు జేబులు బయటికి తీసి చూపించమన్నాడు. ఒక జేబులో నలిగిన టిష్యూ, రెండో జేబులో సోంపు పొట్లం. ఆ పొట్లాన్ని అతను విప్పి, వాసన చూసి, లైటుకి ఎత్తి చూశాడు. వెనక లైన్లో ఉన్న ఎవరో నవ్వారు. అక్క పరీక్ష పాసై బయటికి వచ్చింది. కానీ కారెక్కగానే పాసైన సంగతి కాదు, ఆ సంగతి చెప్పింది.

"ఆ అబ్బాయి తప్పేం లేదు, రూలు. కానీ చెల్లీ, నేను ఏదో దాచుకుని వచ్చినదానిలా నిలబడ్డాను. ఇంకోసారి అలా నిలబడను."

ఇంటికి వెళ్ళి నల్లదారంతో ఆ స్వెటర్ రెండు జేబులూ కుట్టేసింది. తర్వాతి పరీక్షకి ఆ కుర్రాడే ఉన్నాడు. చూపించమంటే, "చూడండి, లేవు" అని చేతులు చాచిందట. అతనూ నవ్వాడట. ప్రతి పరీక్షకీ అదే స్వెటర్. ఎండాకాలంలో కూడా.

ఇక మా చర్చి సంగతి చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి వాళ్ళ భవనం అద్దెకి తీసుకుని మేం తెలుగులో ఆరాధన చేసుకుంటాం. కానుకలు పట్టే ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. ప్రార్థన ఫలించినవాళ్ళు లేచి నిలబడి చెప్పాలి. వీసా స్టాంపింగ్ అయినవాళ్ళు, ఇల్లు కొన్నవాళ్ళు, పిల్లలకి మంచి కాలేజీలో సీటు వచ్చినవాళ్ళు లేస్తారు. అక్క తను పాసైన ప్రతి పరీక్షకీ లేచింది. "ప్రభువు నాకు సైకాలజీలో మూడు క్రెడిట్లు దయచేశాడు, వందనాలు" అనేసరికి హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. వెనక బెంచీల్లో ఎమ్మెస్ చదివే కుర్రాళ్ళు ఆమేన్ అని అరిచారు. అయిదు పరీక్షలకి అయిదు సాక్ష్యాలు. తర్వాత తర్వాత ఆమె లేవగానే, "ఈసారి ఏ సబ్జెక్టు సిస్టర్?" అని ముందే అడిగేవాళ్ళు.

అప్పటికి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ డిగ్రీకి ఆమెకి ఒక్క కోర్సు మిగిలింది, ల్యాబ్ ఉన్న సైన్స్ కోర్సు. ఆరాధన అయ్యాక కింద హాల్లో భోజనాలు. నేను ట్రేలోంచి పలావు వడ్డిస్తున్నాను. సంఘపెద్ద ప్లేటు పట్టుకుని వచ్చాడు. ఈయన ఎప్పుడో ఎమ్మెస్‌కి వచ్చి, పెద్ద ఉద్యోగంలో స్థిరపడినవాడు. మా చర్చిలో ఎవరి పిల్లల చదువైనా ముందు ఆయన చెవిలో వెయ్యాల్సిందే. ఆయన ఈ దేశంలో డిగ్రీ చదవలేదని, ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి ఎప్పుడూ మారలేదని ఒక్కరికీ తట్టలేదు. కాలేజీలో చదువుల సలహాలిచ్చే కౌన్సిలర్‌ని అడగడం కన్నా మనవాళ్ళలో పెద్దాయన్ని అడగడం మనకి ఎప్పుడూ సుఖం.

"ఏం సిస్టర్, ఇంకా ఆ చిన్న కాలేజీలోనేనా?" అన్నాడు.

"ఒక్క సైన్స్ కోర్సు ఉందండి అన్నయ్యగారూ. అదైతే వాళ్ళు రెండేళ్ళ డిగ్రీ ఇస్తారు."

"రెండేళ్ళ డిగ్రీ ఏంటి సిస్టర్! అది మన ఇంటర్ లాంటిది. ఇంటర్ రెండుసార్లు పాసవుతారా ఎవరైనా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది బావగారు. ఆ నవ్వులో సిగ్గు ఉంది, నాకు తెలుస్తూనే ఉంది.

"కౌన్సిలర్ మాత్రం అది పూర్తి చేసుకునే వెళ్ళమంటోందండి" అంది అక్క.

"అలాగే అంటారమ్మా. స్టూడెంట్ పోతే వాళ్ళకే కదా లాస్. ఈ ఫాల్ సెమిస్టర్‌కే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయిపోండి. క్రెడిట్ ఎక్కడైనా క్రెడిటే. డాలర్ ఇల్లినాయ్‌లో ఒకలాగ, టెక్సాస్‌లో ఒకలాగ చెల్లుతుందా?"

ఎంత చక్కగా ఉందో చూశారా మాట. నాకే నచ్చింది. అసలు రూలు అప్పుడు నాకు తెలిసి ఉంటే ఆ పలావు ట్రే ఆయన నెత్తిన బోర్లించేదాన్ని.

ఇంటికి వెళ్ళాక బావగారు మిగిలింది పూర్తి చేశారు. "ఆఫీసులో మావాళ్ళు అడిగితే ఏమని చెప్పను? మా ఆవిడ కమ్యూనిటీ కాలేజీ గ్రాడ్యుయేట్ అని చెప్పుకోవాలా? యూనివర్సిటీ పేరుంటే సరిపోతుంది కదా, మధ్యలో ఈ ఇంటర్ సర్టిఫికెట్ ఎందుకు?" అన్నారట. అక్క ఆ కోర్సు వదిలేసి యూనివర్సిటీలో చేరింది. కూతురికీ అదే యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఇద్దరికీ ఒకేరకం బ్యాక్‌ప్యాక్‌లు కొన్నారు. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

చేరిన కొన్ని వారాలకి ట్రాన్స్‌ఫర్ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. నన్ను తోడు రమ్మంది. కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. ఆ మర్యాదే నాకు ఇప్పటికీ కంటగింపు. ఆమె చెప్పింది ఇది. కమ్యూనిటీ కాలేజీ పరీక్షల మీద ఇచ్చిన క్రెడిట్లని మేం అలా తీసుకోం. అసలు మార్కులు పరీక్ష పెట్టినవాళ్ళ దగ్గర నుంచి నేరుగా తెప్పించండి, మా కట్ఆఫ్‌తో చూస్తాం. అక్క తెప్పించింది. చూసి మళ్ళీ పిలిచారు, ఇద్దరం వెళ్ళాం. రెండింటిలో ఆమె మార్కులు కమ్యూనిటీ కాలేజీకి సరిపోయాయి గానీ వీళ్ళ కట్ఆఫ్‌కి కొంచెం తగ్గాయి. ఇంకో రెండు తీసుకున్నారు, ఎలక్టివ్‌లుగా. అంటే రికార్డులో కనపడతాయి, చెయ్యాల్సిన కోర్సు ఒక్కటీ తగ్గదు. అయిదింటిలో పూర్తిగా చెల్లింది ఒక్కటి.

"మళ్ళీ పరీక్ష రాసి మార్కులు పెంచుకుంటే?" అని అడిగింది అక్క.

ఇక్కడ చేరాక రాసిన పరీక్షలు ఒప్పుకోం, అంది ఆ అమ్మాయి.

"పోనీ, నాకు అక్కడ ఒక్క కోర్సు మిగిలింది. అది పూర్తి చేసి ఆ డిగ్రీ తెస్తే?"

ఆ అమ్మాయి మొహంలో నిజంగానే జాలి కనపడింది. రెండేళ్ళ డిగ్రీ పూర్తి చేసుకుని వచ్చి ఉంటే మేం ఈ పరీక్షల్ని విడివిడిగా చూసేవాళ్ళమే కాదు, అంది. ఆ కాలేజీతో మాకు ఒప్పందం ఉంది, డిగ్రీతో వస్తే మొత్తం మూట కట్టినట్టే తీసుకుంటాం. డిగ్రీ లేకుండా వస్తే మూట విప్పాల్సిందే. మీరు చేరిన రోజుకి ఏముందో అదే లెక్క, ఇప్పుడు తెచ్చినా వర్తించదు.

అక్క థాంక్యూ చెప్పింది. అవును, థాంక్యూ చెప్పింది. పార్కింగ్‌లోకి వచ్చాక కారు తలుపు మీద చెయ్యి పెట్టుకుని, "ఒక్క కోర్సు చెల్లీ. కప్పల్ని కొయ్యాలట ఆ ల్యాబ్‌లో. నాకు అసహ్యం అనుకుని, తప్పిపోయిందిలే అని సంతోషించాను కూడా" అంది.

అదే వారం కూతురి క్రెడిట్లు ఎక్కాయి. హైస్కూల్లో పిల్లలు రాసే అడ్వాన్స్‌డ్ పరీక్షలు, అన్నీ చెల్లాయి. అందులో అమెరికా చరిత్ర కూడా ఉంది. ఆ పిల్ల అన్నం ముందు కూర్చుని తినకుండా, "మమ్మీ, సేమ్ హిస్టరీ. నాకు నువ్వే కదా కుకింగ్ చేస్తూ చెప్పావు. ఇట్స్ నాట్ ఫెయిర్" అంది. నిజం. ఆ వంకాయల చరిత్రే కూతురికి చెల్లింది, తల్లికి చెల్లలేదు. బావగారు ప్లేటులోంచి తల ఎత్తలేదు.

ఇక్కడితో అయితే ఇది నాలాంటి కోపిష్టి మనిషి కాలేజీల మీద వేసే ఫిర్యాదుగా మిగిలేది. అక్కకి ఇంకో బాధ పట్టుకుంది. మీరు నమ్మరు. తను చెప్పిన సాక్ష్యాల గురించి.

పాస్టరుగారి ఇంటికి వెళ్ళి అడిగింది, నేను పక్కనే ఉన్నాను. "అయ్యగారూ, దేవుడు క్రెడిట్లు దయచేశాడని అందరి ముందూ సాక్ష్యం చెప్పాను. ఇప్పుడవి లేవంటున్నారు. నేను చెప్పింది అబద్ధ సాక్ష్యం అవుతుందా?"

"పరీక్ష పాసైంది నిజమే కదమ్మా" అన్నారాయన.

"పాసయ్యానని ఊరుకోలేదు కదండీ. క్రెడిట్లు వచ్చాయన్నాను."

"వదిలెయ్యమ్మా. అవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

"నేను పెట్టుకున్నానండి" అంది.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచింది. ఈసారి ఏ సబ్జెక్టు సిస్టర్ అని ఎవరో అన్నారు కూడా. అక్క కొంగు సర్దుకుని, "నేను ఇదివరకు చెప్పిన అయిదు సాక్ష్యాల్లో నాలుగు సరిచేసుకోవాలి. ఆ క్రెడిట్లు కొత్త కాలేజీలో పనికి రాలేదు. తొందరపడి రెండేళ్ళ డిగ్రీ వదిలేసి వెళ్ళాను. మీ పిల్లలైనా, మీరైనా ఎవరైనా వెళ్ళేటట్టయితే, చేరకముందే ఆ కాలేజీని అడగండి. మనలో మనం అడిగి ఊరుకోవద్దు. వందనాలు" అని కూర్చుంది.

ఒక్కరూ ఆమేన్ అనలేదు. ఎవరి పేరూ ఆమె ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ ఉంది. సంఘపెద్ద కీబోర్డ్ వాయించే అబ్బాయి వైపు చూశాడు, పాట మొదలైపోయింది. కింద భోజనాల దగ్గర ఒకావిడ వచ్చి అక్క భుజం మీద చెయ్యి వేసి, "సిస్టర్, అలాంటివి ప్రేయర్ రిక్వెస్ట్‌లో చెప్పాలి, టెస్టిమనీలో కాదు" అని బుద్ధి చెప్పింది. అక్క, "అలాగేనండి" అంది. నేను ఆ ఆవిడకి పెరుగు చట్నీ వడ్డించలేదు. చిన్న పగే, కానీ నాకు అంతకన్నా చేతనైంది అప్పుడు లేదు.

తర్వాత అక్క ఆ కోర్సులన్నీ మళ్ళీ చేసింది. పాసైన చరిత్రే పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య కూర్చుని మళ్ళీ విన్నది. స్కూల్లో పని గంటలు తగ్గించుకుంది. ఒకసారి ఎలా ఉందని అడిగితే, "వచ్చిందే మళ్ళీ నేర్చుకోవడం కష్టం కాదు చెల్లీ. రానట్టు కూర్చోవడమే కష్టం" అంది. ప్రొఫెసర్ ప్రశ్న అడిగితే ఆమె చెయ్యి ఎత్తేది కాదట. ఎందుకంటే, "నాకు ముందే తెలుసు కదా, పిల్లల వంతు లాక్కున్నట్టు ఉంటుంది" అంది.

ఆ చరిత్ర క్లాసు సగంలో ఉండగానే ఆమెకి జబ్బు బయటపడింది. క్యాన్సర్. కీమో అయిన మర్నాడు టోపీ పెట్టుకుని క్లాసుకి వెళ్ళేది. నేను ఆమె చేత యూనివర్సిటీకి ఉత్తరం రాయించాను. ఈ పరిస్థితిలో ఈ ఒక్క కోర్సు మాఫీ చెయ్యమని అడిగించాను. ఎంతో సానుభూతితో కుదరదన్నారు. కావాలంటే సెలవు తీసుకుని ఆరోగ్యం కుదుటపడ్డాక రమ్మన్నారు. అక్క దగ్గర అన్నీ ఉన్నాయి, ఓపిక ఉంది, తెలివి ఉంది, మొండితనం నాకన్నా ఎక్కువే ఉంది. లేనిది సమయం ఒక్కటే. వాళ్ళు అడిగింది అదే.

మళ్ళీ చెయ్యమన్న కోర్సులన్నీ చేసేసింది. మంచి గ్రేడ్లతో చేసింది. మిగిలింది చివరి సెమిస్టర్, స్టూడెంట్ టీచింగ్. అంటే నిజమైన క్లాసులో, నిజమైన పిల్లల ముందు, బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పడం. ఆమెకి కావలసింది మొదటి నుంచీ అదొక్కటే. ఏ స్కూలో కూడా ఖాయమైంది, మూడో తరగతి. ఆ సెమిస్టర్ మొదలయ్యే నాటికి ఆమె మంచం దిగలేకపోయింది. చదివిందే చదవడానికి పోయిన ఆ ఏడాది చేతిలో ఉండి ఉంటే ఆమె ఆ బోర్డు ముందు నిలబడి ఉండేది. ఇది నా ఊహ కాదు, మామూలు తీసివేత.

హాస్పిటల్లో చివరిసారి మాట్లాడినప్పుడు నా కోపం సంగతే ఎత్తింది. "మీ బావగారిని ఏమీ అనకు. ఆయన రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు."

"సరే అక్కా."

"పెద్దాయన్ని కూడా."

నేను మొహం తిప్పుకున్నాను. చెయ్యి పట్టుకుని లాగింది. సరే అన్నాను. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను. అక్క ఉంటే, "నీకు కోపం ఎందుకు వస్తుందంటే" అని నాలుగో సిద్ధాంతం చెప్పేది. చెప్పడానికి ఉంటే బాగుండేది.

సమాధి కార్యక్రమం రోజు మా చర్చిలో పోయినవారి జీవిత చరిత్ర చదువుతారు. చదివింది సంఘపెద్దే. పుట్టిన ఊరు, పెళ్ళి, సండే స్కూల్ సేవ, అన్నీ చదివి, "పట్టుదలతో అమెరికాలో డిగ్రీ పూర్తి చేసి మన సహోదరీలందరికీ మాదిరిగా నిలిచారు" అన్నాడు. వెనక నుంచి ఆమేన్‌లు వినిపించాయి. నేను లేవబోయాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. ఈలోగా ముందు వరసలో అక్క కూతురు లేచింది. దానికి తెలుగు సగమే వచ్చు.

"అంకుల్, సారీ. మమ్మీ డిగ్రీ పూర్తి చెయ్యలేదు" అంది. "క్రెడిట్స్ తీసుకోలేదు వాళ్ళు. మమ్మీ ఇక్కడే నిలబడి అందరికీ చెప్పింది. మీరందరూ విన్నారు. సో, అది అలాగే చెప్పండి. ప్లీజ్."

హాలు మళ్ళీ ఆ ఆదివారం లాగే అయిపోయింది. సంఘపెద్ద కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, చేతిలో కాగితం మడిచి, ప్రార్థన చేద్దాం అన్నాడు. బావగారు తల రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఆ ఒక్క కోర్సు చెయ్యనిచ్చి ఉంటే అమ్మా" అన్నారు. కాదులెండి బావగారూ, మీ తప్పేం లేదు అనాలి నేను. అందరూ అంటున్నారు. నేను అనలేకపోయాను.

సమాధుల తోటలో గాలి కోస్తోంది. అక్క కూతురు తెల్ల చుడీదార్ మీద ఆ బూడిదరంగు స్వెటర్ వేసుకుని నా పక్కన నడుస్తోంది. చలికి చేతులు జేబుల్లో పెట్టుకోబోయింది. వేళ్ళు జారిపోయాయి. మళ్ళీ ప్రయత్నించింది. కిందకి చూసుకుంది.

"పిన్నీ, ఈ పాకెట్స్ ఫేక్ ఆ?"

"కాదమ్మా, నిజమైనవే. మీ మమ్మీ కుట్టేసింది."

"ఎందుకు?"

టెస్ట్ సెంటర్ సంగతి, ఆ కుర్రాడి సంగతి, సోంపు పొట్లం సంగతి చెప్పాను. ఏదో దాచుకుని వచ్చినదానిలా నిలబడ్డానన్న మాట కూడా చెప్పాను. వింటూ గోటితో నల్లదారం కొస వెతికింది. దొరికింది. లాగేస్తుందనుకున్నాను. కొంచెం పైకి లేచిన ఆ కొసని బొటనవేలితో అదిమి, ఆ కుట్ల మీదే రెండు చేతులూ ఆనించుకుని, వాళ్ళమ్మ దగ్గరికి నడిచింది.